మిలట్రీ వారి ఇల్లు

మా చెల్లె పెండ్లి పత్రికలో ఇంటిపేరు తప్పు పడింది. 1998 నాటి సంగతి. దేవరకొండలో ప్రెస్సు నడిపే ఆయనకు నాయన తెల్ల కాగితం మీద అన్నీ వరుసగా, అచ్చు అక్షరాల్లా రాసి ఇచ్చాడు. ఆయన ఆ కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోయి, మళ్లీ అడగడానికి మొహమాటపడి, తనకు తెలిసినట్టు "మిలట్రీ వారి పెండ్లి పిలుపు" అని ఐదు వందల పత్రికలు అచ్చేశాడు. అమ్మ నెత్తి పట్టుకుంది. మగపెండ్లివాళ్లు ఏమనుకుంటారోనని మా అందరికీ టెన్షన్. నాయన మాత్రం ఒక పత్రిక తీసుకుని, కండ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, "పంచుండ్రి. అసలు పేరేస్తే ఎవరింట్ల పెండ్లో ఎవ్వలకు ఎరుక?" అన్నాడు.

నిజమే. ఊళ్లో ఆయన మిలట్రీ. అమ్మ మిలట్రీ ఆమె. మేము ముగ్గురం మిలట్రీ పిల్లలం. పోస్ట్‌మ్యాన్ కూడా ఆ పేరుతోనే పిలిచి ఉత్తరాలిచ్చేవాడు. దేవరకొండ ఖిల్లా దిక్కు పోయే తొవ్వలో ఎవరినడిగినా మా ఇల్లు చూపించేవాళ్లు.

కానీ ఆ మాటకు మా ఇంట్లో మొదటి నుంచీ మర్యాద లేదు. మా నాయనమ్మ ముందర, ఆమెను మేము అవ్వ అనేవాళ్లం, మిలట్రీ అనే మాట ఎత్తితే చాలాకాలం దాకా ముఖం మాడ్చుకునేది. చిన్నప్పుడు మాకు అర్థం కాలేదు. కొడుకు మీద కోపమేమో అనుకున్నాం. తరువాత ఒక ఎండాకాలం రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నప్పుడు తనే చెప్పింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, యూనియన్ సైన్యం వచ్చి, రజాకార్ల పీడ పోయినప్పుడు మా ఊరు ఊరంతా సంబురపడిందట. దేవరకొండకు ఆరు మైళ్ల దూరంలో చిన్న ఊరు మాది. "బతుకమ్మ ఆడినం బిడ్డా, మిలట్రీ వచ్చిందని" అనేది అవ్వ. నెలలు తిరక్కముందే అదే మిలట్రీ సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను, వెతుక్కుంటూ ఇండ్ల మీద పడింది. నల్లగొండ జిల్లాలో సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించేదాకా ఆ వెతుకులాట సాగుతూనే ఉంది. నల్లమల దిక్కు పోయే దళం ఒకటి రాత్రిపూట తలుపు తడితే మా తాత నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ పెట్టాడు. అంతే ఆయన చేసిన విప్లవం. ఎవరో చెప్పారు. మూడు రోజులు క్యాంపులో ఉంచుకుని పంపారు. తిరిగొచ్చిన తాత కుడిచెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. దండెం మీద తువ్వాల తీసుకోవాలన్నా ఎడమచేత్తోనే తీసుకునేవాడు. ఆయన్ను నేను చూసింది లీలగానే, కానీ ఆ ఎడమచెయ్యి మాత్రం గుర్తుంది.

అలాంటి ఇంట్లోంచి 1964లో పంతొమ్మిదేండ్ల కొడుకు, చెప్పకుండా సికింద్రాబాద్ పోయి మిలట్రీలో చేరివచ్చాడు.

చేరడానికి పెద్ద దేశభక్తి కారణమని నాయన ఎప్పుడూ చెప్పలేదు. వరుసగా వానలు లేవు, ఆముదాలు చేతికి రాలేదు, ఏడో తరగతి దాకా చదివాడు. చైనా యుద్ధం తరువాత సైన్యాన్ని పెంచుతున్నారు, భర్తీ జరుగుతోందని ఎవరో చెబితే దోస్తుతో కలిసి బస్సెక్కాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది, బరువు రెండు కిలోలు తక్కువ పడింది. బయట బండిమీద అరటిపండ్లు కొని, తిని, నీళ్లు తాగి, మళ్లీ తిని త్రాసెక్కాడు. దోస్తు తిన్నది తిన్నట్టు కక్కుకుని వెనక్కి వచ్చాడు. నాయన బెంగళూరు పోయాడు. ఆ తరువాత చచ్చేదాకా అరటిపండు ముట్టలేదు. సత్యనారాయణ వ్రతం ప్రసాదంలో ముక్క కనిపించినా ఏరి పక్కన పెట్టేవాడు, అమ్మ కండ్లెర్రజేసినా సరే.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. 1948లో హైదరాబాద్ మీదికి సైన్యాన్ని నడిపించి, తరువాత ఇక్కడ మిలటరీ గవర్నర్‌గా కూర్చున్న జనరల్ జె.ఎన్. చౌధురే, నాయన చేరే నాటికి దేశం మొత్తానికి సైన్యాధ్యక్షుడు. నేను డిగ్రీలో ఉండగా ఎక్కడో చదివి పరుగెత్తుకొచ్చి చెప్పాను. ఏదో పెద్ద రహస్యం విప్పినట్టు. నాయన పల్లికాయ ఒలుస్తూ, "ఆయన మాకు గోడమీద ఫోటో బిడ్డా. సెల్యూట్ కొట్టినం" అన్నాడు. కాసేపటికి, "అవ్వకు చెప్పకు" అన్నాడు.

చేరింది మద్రాస్ శాపర్స్‌లో. బెంగళూరులో అలసూరు చెరువు పక్కన వాళ్ల సెంటరు. వంతెనలు కట్టడం, రోడ్లు వెయ్యడం, మైన్లు పెట్టడం, పెట్టినవి తియ్యడం వాళ్ల పని. అందులో అందరినీ తంబి, అంటే తమిళంలో తమ్ముడు, అనే పిలుస్తారు. నాయన ఆ మాట ఇంటికి కూడా తెచ్చాడు. కూరగాయల మల్లయ్యా తంబే, బస్సు కండక్టరూ తంబే, కోపమొస్తే మా మేనమామ కూడా తంబే. అక్కడ హిందీ రాక ఆంధ్రా పిల్లలు, తమిళ పిల్లలు తంటాలు పడుతుంటే, నిజాం కాలపు ఉర్దూ చెవిన పడ్డ ఊరోడు కాబట్టి తనకు ఉస్తాద్ మాటలు మొదటి రోజే అర్థమయ్యాయని గొప్పగా చెప్పుకునేవాడు. అర్థమైన తిట్లు ఎక్కువ బాధపెడతాయని కూడా ఆయనే చెప్పేవాడు.

ట్రైనింగు అయ్యాక మొదటిసారి సెలవు మీద ఊరికి వచ్చిన రోజు గురించి మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. కొండమల్లేపల్లి దగ్గర బస్సు దిగి, నల్ల ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ఆకుపచ్చ యూనిఫాం తోనే నడుచుకుంటూ వస్తున్నాడు. చెరువుకట్ట మీద ఆడుకుంటున్న పోరగాండ్లు దూరం నుంచి చూసి, "మిలట్రీ వస్తుంది, మిలట్రీ వస్తుంది" అని కేకలేస్తూ ఊళ్లోకి ఉరికారు. అవ్వ జొన్నలు చెరుగుతోంది. చాట అట్లాగే పట్టుకుని లోపలికి పోయి గడియ పెట్టేసింది. నాయన వచ్చి తలుపు కొడితే పలకదు. "అమ్మా, నేనే" అంటే పలకదు. చివరికి ఎడమచేత్తో తాతే గడియ తీశాడు. అవ్వ కొడుకును చూసి, ఏడ్వలేదు, నవ్వలేదు. చేతిలో చాటతో రెండు వాయించింది. "ఆ బట్టలు విప్పినంకనే బువ్వ" అంది.

1969లో పెండ్లి. 1970లో అక్క పుట్టింది. అమ్మ అత్తగారింట్లో, నాయన ఎక్కడో యాభై ఆరు ఏ.పి.ఓ.లో, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరులో. ఫౌజీలకు ఊరిపేరు ఉండదు కదా, కాశ్మీరులో ఉన్నా పంజాబులో ఉన్నా అదే అడ్రసు. అమ్మ చాలాకాలం ఆ 56 అంటే ఏదో ఊరనుకుంది. మైలురాయి మీద నంబరేమో అని కూడా అనుకుందట.

అమ్మకు చదువు రాదు. ఉత్తరాలు బడి సారు రాసిపెట్టేవాడు. ఇన్లాండ్ లెటరు కొనుక్కుని, కొంగులో కట్టుకుని, సారు బడి వదిలాక అరుగు మీద కూర్చుని చెప్పేది. అందరి ముందర మొగుడికి ఏం చెప్తుంది? మేమంతా క్షేమం, గేదె ఈనింది, మీ అమ్మకు కాళ్లనొప్పులు. నాయన నుంచి వచ్చేవి కూడా అట్లాంటివే, పైగా వాటిని కూడా సారే చదవాలి కాబట్టి ఆయన కూడా జాగ్రత్తగా రాసేవాడు. మొగుడూ పెండ్లాల మధ్య అన్నేండ్లు ఆ బడి సారు కూర్చున్నాడు, పాపం, ఆయన తప్పేం లేదు.

1971లో దసరాకు రావాల్సిన సెలవు రద్దయింది. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. పంచాయతీ ఆఫీసు మీద మైకుపెట్టి రేడియో వార్తలు పెట్టేవాళ్లు. ఊరంతా అక్కడ చేరేది. అమ్మ సరిగ్గా ఆ వేళకే బిందె తీసుకుని బావికి పోయేది. బావి దగ్గరికీ వినపడేది అనుకోండి. నెలకు ముందే రాయించిన ఉత్తరం ఒకటి, సరిగ్గా ఆ రోజుల్లోనే, తిరిగివచ్చింది. నంబరులో ఒక అంకె తప్పు. సారు తొందరలో మూడుకు బదులు ఎనిమిది వేశాడో ఏమో. ఆ ముద్రలన్నీ చూసి అమ్మ ఆ ఇన్లాండ్ లెటర్‌ను ఏమనుకుందో మీకు చెప్పనక్కర్లేదు. ఉత్తరం అందే మనిషి లేడనే అనుకుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. సారే వచ్చి తన తప్పేనని చెప్పి, లెంపలేసుకుని పోయాడు.

ఆ తరువాత అమ్మ అడ్రసు ఇంకొకరిని రాయనివ్వలేదు. పాత ఉత్తరం ముందర పెట్టుకుని, బొగ్గుతో నేల మీద దిద్ది దిద్ది నేర్చుకుంది. ఏడంకెల నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ, యూనిట్, 56 ఏ.పి.ఓ. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఏ అక్షరం ఏమిటో తెలియదు, బొమ్మ వేసినట్టు వేసేది. తన పేరు రాయడం మాత్రం నేర్చుకోలేదు. ఎందుకంటే, "నా పేరుకు ఎవరు ఉత్తరం రాస్తరు?" అనేది.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ, మన జనరల్ అరోరా ముందు సంతకం పెట్టాడని, తొంభై మూడు వేల మంది లొంగిపోయారని రేడియోలో వచ్చిన రోజు ఊళ్లో బెల్లం పంచారు. అమ్మకు కూడా దోసెడు ఇచ్చారు. కానీ నాయన ఢాకా దిక్కు లేడు. ఇటు, పడమర సరిహద్దులో, షకర్‌గఢ్ దగ్గర ఉన్నాడు. అక్కడ కాల్పులు ఆగింది మర్నాడు, 17వ తేదీ రాత్రి ఎనిమిదింటికి. జనవరిలో ఉత్తరం వచ్చింది. నేను క్షేమం, చలి ఎక్కువ, పాప నడుస్తుందా అని. యుద్ధం అయిపోయింది కదా, సంక్రాంతికి వస్తాడని అమ్మ సకినాలు చేసిపెట్టింది. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. సకినాలు అవ్వే తినేసింది. నాయన వచ్చేసరికి 1972 వానాకాలం. అంతకాలం ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు, అమ్మ అడగలేదు. మరుసటి ఏడు నేను పుట్టాను.

1981లో హవల్దార్‌గా రిటైరై వచ్చాడు. ముప్పై ఆరేండ్లు. ఇప్పుడు ఆ వయసు వాళ్లను చూస్తే పిల్లల్లా కనిపిస్తారు. మా చదువుల కోసం దేవరకొండలో ఇల్లు తీసుకున్నాం. రెండేండ్లకు మాజీ సైనికుల కోటాలో బ్యాంకులో గార్డు ఉద్యోగం దొరికింది. భుజానికి రెండు గొట్టాల తుపాకి. ఇరవై రెండేండ్లలో అది ఒక్కసారి కూడా పేలలేదు. నాయన చేతిలో ఎక్కువగా పేలింది పెన్నే. రైతులు వచ్చి విత్‌డ్రాయల్ ఫారం చేతిలో పెట్టేవాళ్లు. ముసలమ్మలు పాసుబుక్కు, ఉప్పు ప్యాకెట్టు, చంకలో మనవడిని కూడా ఆయనకే అప్పజెప్పి క్యూలో నిలబడేవాళ్లు. తుపాకి భుజాన, పిల్లగాడు చంకన, ఫారం బల్ల మీద. స్కూలు నుంచి వస్తూ ఆ దృశ్యం చూసి మేము సిగ్గుపడి తల తిప్పుకుని పోయేవాళ్లం. ఇప్పుడు ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది.

ఇంట్లో ఐదింటికి లేపేవాడు. దుప్పటి అంచులు కలిపి మడవాలి, చెప్పులు వరుసలో ఉండాలి. ఆదివారం పప్పు, పూరీలు ఆయనే చేసేవాడు. అది లంగరు వంట, అంటే మిలట్రీలో అందరికీ కలిపి వండేది. నలుగురికి చెయ్యడం రాదు, నలభై మందికి సరిపడా పప్పు. సాయంత్రం దాకా వీధంతా మా ఇంటి పప్పే. అమ్మకు టైఫాయిడ్ వచ్చి నెల మంచాన పడ్డప్పుడు మా ముగ్గురికీ జడలు కూడా ఆయనే వేశాడు. నడినెత్తిన పాపిట దారం పట్టి తీసినట్టు ఉండేది. రిబ్బన్ల ముడి సరిగ్గా చెవి కిందికి రావాలి, లేకపోతే విప్పి మళ్లీ. క్లాసులో టీచరమ్మ అమ్మను కలిసినప్పుడు, "మీరు లేచాక పిల్లల జడలు చెడిపోయాయి" అందట.

ముగ్గురూ ఆడపిల్లలేనా అని జాలిపడేవాళ్లకు కొదువ లేదు. "ముగ్గురే. సెక్షన్‌కు ఇంకా ఏడుగురు తక్కువ" అనేవాడు. మిలట్రీలో సెక్షన్ అంటే పదిమంది. వాళ్లకు అర్థమయ్యేది కాదు, అమ్మకు అర్థమై లోపలి నుంచి గంటె చప్పుడు చేసేది.

మిలట్రీ క్యాంటీన్ రమ్ము సంగతి చెప్పకుండా పోతే మా బంధువులు ఒప్పుకోరు. నాయన హైదరాబాద్ పోయి కోటా తెచ్చుకున్న రోజు చుట్టాలకు మా మీద హఠాత్తుగా ప్రేమ పొంగేది. ఎన్నడూ రాని పెద్దమ్మ కొడుకు, "బాబాయ్ ఆరోగ్యం ఎట్లుంది" అంటూ దిగేవాడు. నాయన తాగేది మాత్రం రాత్రి ఒకటే మూత, చలికి మందు అని. మే నెల నలభై రెండు డిగ్రీల్లో కూడా ఆయనకు చలే.

బయటికి పోతే మాత్రం నాయనతో నడవడం నరకం. ఎప్పుడూ ఆయనే ముందు. చెరుగట్టు జాతరైనా, చేను కాడికైనా. కండ్లు నేల మీదే. మేము బాట వదిలి గడ్డిలోకి అడుగేస్తే, మార్కులు తక్కువొచ్చినా అరవని మనిషి, గొంతు చించుకుని అరిచేవాడు. "ఆడపిల్లలను ముందు నడిపిచ్చి మొగోడు ఎనక రావాలె గని, ఇదేం చోద్యం" అని అమ్మ గొణిగేది. పాములంటే భయమేమో అనుకున్నాం. మిలట్రీ మనిషికి పాముల భయమా అని చాటుగా నవ్వుకున్నాం కూడా.

ఇంట్లో నిజంగా గొడవంటూ జరిగింది ఒకే విషయానికి. ప్రతి ఫిబ్రవరిలో నాయన వేలూరు దగ్గరి ఒక ఊరికి మనియార్డరు పంపేవాడు. మొదట్లో యాభై, తరువాత వంద, తరువాత రెండొందలు. సరిగ్గా మా పరీక్ష ఫీజులు కట్టే నెల. "ఈడ ఫీజుకు లేవు గని వేలూరుకు ఉన్నయా? ఎవరున్నరు ఆడ?" అమ్మ పొయ్యి దగ్గర నుంచే మొదలుపెట్టేది. ఆ 'ఎవరు' అనే మాటను ఎట్లా పలికేదో ఊహించుకోండి. నాయన, "తంబి ఇల్లు" అని మాత్రం అనేవాడు. ఆయనకు ఊరంతా తంబిలే కాబట్టి అది జవాబు కిందికి రాలేదు.

చెల్లె పెండ్లికి, ఆ మిలట్రీ వారి పత్రిక అందుకుని, వేలూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కురచ క్రాపు, నిటారు నడక. చూస్తేనే తెలుస్తుంది. అదే మద్రాస్ శాపర్స్‌లో చేరాడట. తెలుగు రాదు. నాయనకు పాదాభివందనం చెయ్యబోయి, ఆఖరి క్షణంలో నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. నాయన తిరిగి సెల్యూట్ చేసి, పందిట్లోంచి గబగబా వెనక పెరట్లోకి వెళ్లిపోయాడు. అవ్వకు అప్పటికి చూపు తగ్గింది. ఎవరో చెబితే ఆ పిల్లవాడిని దగ్గరకు పిలిపించుకుని, చెయ్యి తడుముతూ, "నువ్వు కూడనా? మీ అమ్మ ఎట్ల పంపిందిరా నిన్ను?" అని అడిగింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వుతూ తల ఊపాడు. అవ్వ తన ఇస్తరిలోని అరిసె తీసి అతని చేతిలో పెట్టింది.

అసలు సంగతి మాకు తెలిసింది ఆ మరుసటి ఏడు, కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు. మా ఇంట్లో టీవీ ఉంది, పైగా మిలట్రీ ఇల్లు. సాయంత్రమైతే వీధంతా వచ్చి కూర్చుని, "మనోళ్లు గుట్ట ఎక్కుతరా అన్నా, ఎన్ని రోజులు పడుతది?" అని నాయనను అడిగేవాళ్లు. ఆయన, "ఎక్కుతరు" అని లేచి చేను కాడికి పోయేవాడు. ఒక రాత్రి వాకిట్లో నేనూ మా ఆయనా ఉన్నాం. అమ్మ తలుపు దగ్గర కూర్చుంది. ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"బసంతర్ అని నది. నది అంటే నది కాదు, ఎండాకాలం మన డిండి వాగంత. పాదాలు తడుస్తయి. అవుతలి దిక్కు మన పటాలం పోయి కూసుంది, వాళ్ల ఎనక ట్యాంకులు పోవాలె. మధ్యల అంతా మైన్లు. తొవ్వ చేసుడు మా పని. బోర్ల పండుకోవాలె. చేతుల సన్నటి గునపం లాంటిది. నేలల ఏటవాలుగ గుచ్చాలె, నిట్టనిలువుగ గుచ్చితే అంతే. జానెడు జానెడు. గట్టిగ తాకితే ఆగి, వేళ్లతోని మన్ను తియ్యాలె. అయినకాడికి రెండు దిక్కులా తెల్ల పట్టీ పరుసుకుంట పోవాలె."

డిసెంబరు 15 రాత్రి అది. తొవ్వ పూర్తి కాకముందే అవతల ట్యాంకుల చప్పుడు మొదలైంది. మనవాళ్లు ఇక ఆగలేక, ఇంకా తియ్యని మైన్ల మీదుగానే ట్యాంకులు నడిపించారు. "మేము పండుకునే ఉన్నం. మా పక్కపొంటే పోయినయి." మర్నాడు అక్కడే ట్యాంకులో కాలిపోతూ కూడా కొట్లాడి చనిపోయిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌కు పరమవీరచక్ర ఇచ్చారు. ఇరవై ఒక్క ఏండ్ల పిల్లవాడు. మా ఆయన ఆ పేరు ఎత్తితే నాయన, "ఆ ట్యాంకులల్ల ఎవలున్నరో మాకేం ఎరుక. పేర్లు ఎనకసిరి తెలిసినయి" అన్నాడు.

మేము అదే పెద్ద కథనుకున్నాం. ఆయనకు కాదు. "లడాయి పద్నాలుగు రోజులు. మైన్లు ఎత్తుడు నెలలకు నెలలు" అన్నాడు. మనవి, వాళ్లవి, చెరుకు తోటల్లో, గోధుమ మొలకల కింద. అందరూ గెలిచామని బెల్లం తింటున్నప్పుడు వీళ్లు రోజూ పొద్దున్నే బోర్లా పడుకుంటున్నారు. ఫిబ్రవరిలో ఒకనాడు, పక్క వరుసలో పది అడుగుల దూరంలో ఉన్న వేలూరు తంబి మోకాలు కొంచెం పక్కకు జరిపాడు. మూడోనాడు ఆసుపత్రిలో పోయాడు. అతని కొడుకుకు అప్పుడు రెండు నెలలు.

"నా దిక్కు ఏం గాలే" అన్నాడు నాయన. దుమ్ము దులుపుకున్నట్టు రెండు చేతులు దులుపుకున్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. ఆ మరుసటి ఫిబ్రవరిలో మనియార్డరు ఫారం తనే తెచ్చి ఆయన ముందర పెట్టింది. "ఐదొందలు రాయి" అంది.

భూమి సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మాజీ సైనికులకు ఇచ్చే ఐదెకరాల కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండేండ్లు తిరిగాడు. ఫైలు లేదన్నారు, దొరికింది కానీ నక్షా లేదన్నారు. చివరికి గుట్ట అంచున రాళ్లచెలక ఇచ్చారు. ఎవరైనా అయితే జేసీబీ పెట్టిస్తారు. నాయన తాడు పట్టి, సున్నంతో గళ్లు గీసి, ఒక్కో గడిలో రాళ్లు ఏరాడు. మూడేండ్లు. ఏ గడి అయిందో, ఏది కాలేదో నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండు వందల ఎనభై అడుగుల్లో నీళ్లు పడితే బత్తాయి పెట్టాడు. మా అక్కచెల్లెండ్ల పెండ్లి అప్పులు ఆ బత్తాయే తీర్చింది. 2002 కరువులో బోరు ఎండింది. జిల్లా అంతటా తోటలు ఎండాయి, మాదొక్కటే కాదు. ట్యాంకర్లతో ఒక ఏడు లాక్కొచ్చాడు. తరువాత కట్టెల లారీ వచ్చిన రోజు, కూలీలను పక్కన కూర్చోబెట్టి, ప్రతి చెట్టుకూ మొదటి గొడ్డలి వేటు తనే వేశాడు. ఆ రాత్రి రెండు మూతలు తాగాడని అమ్మ చెప్పింది.

2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన కర్నల్ సంతోష్ బాబు శవపేటిక సూర్యాపేటకు వచ్చినప్పుడు మేము టీవీలో చూశాం. కరోనా రోజులు. నాయనకు అప్పటికి నడక సాగడం లేదు. వాకర్ పట్టుకుని లేచి, పాడె కదిలినంతసేపూ టీవీ ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే వినలేదు. "పిల్లలు చిన్నోళ్లా?" అని అడిగాడు. ఇద్దరని, చిన్నవాళ్లేనని చెప్పాను. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు.

ఎనిమిది నెలలకు, 2021 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. నిద్రలో. ఊళ్లోని మాజీ సైనికులు ఆరుగురు మాస్కులు పెట్టుకుని, బెరెట్ టోపీలు పెట్టుకుని వచ్చారు. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వెతికితే అమ్మ పోపుల పెట్టె పక్కన డబ్బాలో దొరికాయి. ఒకదాని రిబ్బన్ మా అక్క కొడుకు చిన్నప్పుడు గాలిపటం తోకకు కట్టేశాడు. దారం ముక్కతో కట్టి పెట్టాం.

ఇప్పుడు ఫ్యామిలీ పెన్షన్ అమ్మకు వస్తుంది. పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం నేనే తీసుకుపోయాను. కౌంటరులో ఉన్న పిల్ల మంచిదే, చాలాసేపు కంప్యూటరుతో కుస్తీ పట్టి, "సర్వీసు నంబరు కలవడం లేదమ్మా, పేపర్లలో ఎక్కడో అంకె తప్పు పడినట్టుంది" అంది. నేను ఫైలు తెరిచి పాత కాగితాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను.

అమ్మ ఆ పిల్ల చేతిలో పెన్ను తీసుకుంది. ఫారం వెనక్కి తిప్పింది. కండ్లద్దాలు లేవు, చేతికి వణుకు ఉంది, అయినా మెల్లగా ఏడంకెలూ వేసింది. వేసి ఆగలేదు. దాని కింద ర్యాంకు, దాని కింద పేరు, కంపెనీ, యూనిట్.

"నంబరు చాలమ్మా, మిగతాది అవసరం లేదు" అంది ఆ పిల్ల.

అమ్మ తల ఎత్తలేదు. కింద 56 ఏ.పి.ఓ. అని రాసి, ఇన్లాండ్ లెటరు మీద గీసినట్టే అడుగున ఒక గీత గీసి, పెన్ను తిరిగిచ్చింది. తరువాత సంతకం పెట్టే చోట వేలిముద్ర వేసింది.